డబ్బా నాదే, సరుకు నాది కాదు!

గత చలికాలంలో ఒకనాడు అసర్ నమాజు ముగించుకుని ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఒకప్పుడు మా వద్ద చదువుకున్న యువకుడు చంకలో ఓ అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. సలాము చేసి పెట్టెను మా ముందుంచాడు. ముఖం వాడిపోయి ఉంది. "మౌల్వీ సాబ్! డబ్బా నాదే, దీని మీది చీటీ కూడా నేను అంటించిందే. కానీ లోపలి సామాను నాది కాదు" అన్నాడు.

పెట్టె విప్పి చూశాం. లోపల వెండి రంగు పూసిన చవకబారు అత్తరుదాని ఉంది. అతను పంపించింది కరీంనగర్ కళాకారులు వెండి తీగతో అల్లిన అసలు అత్తరుదాని. వెల 18 వేల రూపాయలు. కొన్న వ్యక్తి "నకిలీ సరుకు పంపారు" అని ఫిర్యాదు రాసి, వస్తువు మార్చి, అదే పెట్టెలో వెనక్కి పంపాడు. ఆన్‌లైన్ అంగడి వారు కొనుగోలుదారుకు సొమ్ము వాపసు ఇచ్చేశారు. అంతటితో ఆగలేదు. నకిలీ అన్న మాట వచ్చింది గనుక ఇతని ఖాతాను నిలిపివేశారు. మిగతా అమ్మకాల తాలూకు రావలసిన డబ్బును కూడా ఆపేశారు.

ఈ యువకుడి తండ్రి మా కాసిపేట బాయిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన సింగరేణి కార్మికుడు. భూమి లోపల చెమటోడ్చి సంపాదించిన గ్రాట్యుటీలో కొంత తీసి కొడుకు చేతిలో పెట్టాడు. ఉద్యోగాల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, కరీంనగర్ వెండి పని, పోచంపల్లి చీరలు, హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులు తెచ్చి, ఫోను ద్వారా దేశమంతటికీ అమ్ముకుంటున్నాడు ఆ అబ్బాయి. చెయ్యి చాచకుండా బతకాలనుకున్న బిడ్డకు తగిలిన దెబ్బ ఇది. ఇతనొక్కడే కాదు, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని వంటి బొగ్గు గని పట్టణాల్లో ఇలాంటి వ్యాపారం మొదలుపెట్టిన, పెట్టబోతున్న యువతీ యువకులు ఎందరో ఉన్నారు. వారి కోసమే ఈ వ్యాసం.

అసలు సరుకుకే ఆపద ఎక్కువ

పాఠకులకు ఒక సందేహం రావచ్చు. భయపడాల్సింది నకిలీ అమ్మేవాడు గదా, అసలు సరుకు అమ్మేవాడికి భయమెందుకు? కానీ జరుగుతున్నది తలకిందులు. రెండొందల రూపాయల వస్తువును మార్చి పంపే మోసగాడు అరుదు, శ్రమకు తగ్గ లాభం లేదు కనుక. ఇరవై వేల రూపాయల వెండి పనికి, లక్ష రూపాయల గడియారానికి, ఖరీదైన ఊద్ అత్తరుకు అచ్చం అలాగే కనిపించే నకళ్ళు బజారులో దొరుకుతాయి. అసలుది ఉంచుకుని నకలును తిప్పి పంపితే మోసగాడికి ఆ తేడా అంతా లాభమే.

వెనుకటి రోజుల్లో దుకాణంలో బేరం ఎదురెదురుగా జరిగేది. కొనేవాడు వస్తువును చేతిలోకి తీసుకుని, వెలుతురులో చూసి, తూకం వేయించుకుని, రసీదు పుచ్చుకుని వెళ్ళేవాడు. ఆన్‌లైన్ అంగడిలో అమ్మేవాడికి కొనేవాడి ముఖం తెలియదు. వీరిద్దరి మధ్య అంగడి కంపెనీ, గోదాము, కొరియర్ మనిషి ఉంటారు. ఎక్కడ ఎవరు ఏం మార్చారో చెప్పడానికి సాక్షి లేడు. కొనుగోలుదారు పోతే తమ వ్యాపారమే పోతుంది గనుక అంగడి వారు సాధారణంగా అటువైపే మొగ్గు చూపుతారు.

ముద్ర ఉంటే సరిపోతుందా?

ప్రభుత్వం అసలు సరుకుకు గుర్తులు ఏర్పరచింది. భౌగోళిక గుర్తింపు చట్టాన్ని 1999లో చేశారు, అది 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలులోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, కరీంనగర్ వెండి తీగపనికి 2007లో, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో ఈ గుర్తింపు లభించింది. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. బంగారు నగలకు 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్య లేని హాల్‌మార్క్ నగలను దుకాణాల వారు అమ్మరాదు. వెండికి కూడా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇదే సంఖ్య పద్ధతి వచ్చింది. అయితే అది ఇంకా ఐచ్ఛికంగానే మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. ముద్రలన్నీ ఒక రకానివి కావు. హెచ్‌యూఐడీ ప్రతి నగకూ వేరువేరుగా ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు బయటపడతాయి. కనుక పంపిన నగ, తిరిగివచ్చిన నగ ఒకటేనా కాదా అన్నది తేల్చవచ్చు. భౌగోళిక గుర్తింపు అలాంటిది కాదు. అది ఒక ప్రాంతపు పనితనానికి దక్కిన పేరు, ఒక్కొక్క వస్తువుకు ఇచ్చిన సంఖ్య కాదు. మా శిష్యుడి అత్తరుదాని మీద హాల్‌మార్క్ సంఖ్య లేదు. కరీంనగర్‌లో కొన్న బిల్లు ఉంది, తూకం చీటీ ఉంది. కానీ ఆ బిల్లులోని వస్తువునే ఆ పెట్టెలో పెట్టానని రుజువు చేసేది అతని దగ్గర ఏమీ లేదు. అతను ఓడిపోయింది అక్కడే.

నకిలీ అన్న నింద

రెండో ఆపద ఇంకా పెద్దది. వస్తువు మారకపోయినా, ఎవరో ఒకరు "ఇది నకిలీ" అని ఫిర్యాదు చేస్తే చాలు, అమ్మకం ఆగిపోతుంది. అంగడి వారు ముందు సరుకును తొలగించి, ఆ తరువాత అమ్మేవాడిని సంజాయిషీ అడుగుతారు. ఇలా ఎందుకు చేస్తారో తెలియాలంటే కొన్ని తీర్పులు చూడాలి.

2008లో పారిస్ వాణిజ్య న్యాయస్థానం నకిలీ లూయీ విటాన్ సంచులు వగైరాలు అమ్ముడుపోవడానికి వీలు కల్పించిందని ఈబే సంస్థ మీద దాదాపు 4 కోట్ల యూరోల పరిహారం విధించింది. 2010లో అమెరికా అప్పీలు న్యాయస్థానం మాత్రం టిఫనీ నగల వ్యాజ్యంలో వేరే మాట చెప్పింది. ఫలానా సరుకు నకిలీ అని ప్రత్యేకంగా తెలిసి కూడా ఊరుకుంటేనే అంగడి సంస్థది బాధ్యత అని తేల్చింది. తెలిసిన వెంటనే తీసేస్తే చిక్కులేదు అన్న పాఠం అంగడి సంస్థలన్నీ దీని నుంచి నేర్చుకున్నాయి.

మన దేశంలో 2018 నవంబర్ 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పుకోదగినది. ఖరీదైన పాదరక్షలు చేసే క్రిస్టియన్ లూబుటాన్ కంపెనీ డార్వీస్ అనే వెబ్ దుకాణం మీద వేసిన దావా అది. "మేము మధ్యవర్తులమే, అమ్మేది వేరేవారు" అని ఊరికే అంటే చాలదని, అమ్మకంలో చురుకుగా పాలుపంచుకునే సంస్థకు సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ రక్షణ దక్కదని న్యాయస్థానం చెప్పింది. అమ్మేవారి పూర్తి వివరాలు బయటపెట్టాలని, సరుకు అసలైనదేనని వారి దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలని ఆదేశించింది. కొనేవారికి ఇది మేలే. కానీ "సరుకు అసలైనదే" అని సంతకం పెట్టే చెయ్యి చివరికి చిన్న వ్యాపారిదే అవుతోంది. సంతకం పెట్టేముందు తాను దేనికి జమానత్ ఇస్తున్నాడో అతనికి తెలిసి ఉండాలి.

తెలియక చేసినా తప్పే

మా శిష్యుడి విషయంలో ఇంకో సంగతి బయటపడింది. ఇది చెప్పడానికి అతనే ఒప్పుకున్నాడు. తన సరుకంతా తెచ్చి చూపమన్నాం. లక్క గాజుల పెట్టెల్లో ఒక మోపు మాకు తేడాగా తోచింది. లక్క గాజును నిప్పుల మీద మెత్తబరచి, చేత్తో చుట్టి, రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. కనుక ఏ రెండు గాజులూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఈ మోపులోనివి మాత్రం అన్నీ ఒకే పోతలో దిగినట్టున్నాయి. తెలిసిన గాజులాయనకు చూపిస్తే "ఇవి లక్క కావు" అని తేల్చాడు. మన అబ్బాయి వాటిని ఒక టోకు వర్తకుడి మాట నమ్మి కొన్నాడు. లాడ్ బజార్ లక్క గాజులని రాసి అప్పటికే తొమ్మిది జతలు అమ్మాడు కూడా.

భౌగోళిక గుర్తింపు పేరును తప్పుడు సరుకుకు తగిలిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అలాంటి సరుకు అమ్మినవాడికీ అదే శిక్ష. తాను తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని, అనుమానించడానికి కారణం లేకపోయిందని, ఎవరి వద్ద కొన్నాడో ఆ వివరాలు ఇచ్చానని రుజువు చేసుకుంటే తప్పించుకునే వీలుంది. అంటే కొనుగోలు బిల్లు లేనివాడికి ఆ దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కూడా, లోపమున్న సరుకును, నకిలీ సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనడానికి వీల్లేదు.

"ఇప్పుడేం చేయను?" అని అడిగాడు అబ్బాయి. ఇటు తన డబ్బు ఆగిపోయి ఉంది, అటు తొమ్మిది మందికి ఇవ్వాలంటే చేతి నుంచి పోతుంది. మేము వెంటనే జవాబు చెప్పలేదు. అతను కాసేపు తలవంచుకుని, "నా అత్తరుదాని తీసుకున్నవాడికీ నాకూ తేడా ఉండాలి గదా" అని తనే అన్నాడు. ఆ తొమ్మిది మందికీ సంగతి రాసి సొమ్ము తిప్పి పంపాడు.

ఫిఖహ్ పుస్తకాలలో ఈ చర్చ

వస్తువును చూడకుండా కొనడమన్నది కొత్త సంగతి కాదు. మదరసాలలో చదివే హిదాయా గ్రంథంలో క్రయవిక్రయాల అధ్యాయం దీన్ని విపులంగా చర్చిస్తుంది. చూడకుండా కొన్నవాడికి చూశాక వద్దనుకునే హక్కు ఉంది, దానిని ఖియారె రూయత్ అంటారు. చెప్పకుండా దాచిన లోపం బయటపడితే తిప్పి ఇచ్చే హక్కు ఖియారె ఐబ్. నేటి వాపసు పద్ధతికి ఇవి పూర్వరూపాలే. అయితే హనఫీ పండితులు అమ్మేవాడినీ మరువలేదు. వస్తువు కొన్నవాడి చేతిలో ఉండగా కొత్త లోపం ఏర్పడితే, అమ్మేవాడు ఒప్పుకుంటే తప్ప దాన్ని తిప్పి ఇవ్వడానికి లేదు. పాత లోపానికి తగ్గ పరిహారం మాత్రం కోరవచ్చు. పైగా దావా చేసేవాడిదే రుజువు బాధ్యత. నేటి ఆన్‌లైన్ అంగడిలో ఈ త్రాసు ఒకవైపు ఒరిగింది. నకిలీ అన్నవాడిని రుజువు అడిగేవారు లేరు, కాదన్నవాడే రుజువులు వెతుక్కోవాలి.

ఇమామ్ అబూ హనీఫా కూఫా నగరంలో పట్టు వర్తకులు. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న బట్టను ఆ సంగతి చెప్పకుండా అమ్మాడని, కొన్నవారెవరో తెలియక ఇమామ్ ఆ సొమ్మునంతా దానం చేశారని పెద్దలు చెబుతారు. మా శిష్యుడికి ఆ కష్టం లేదు. కొన్నవారి చిరునామాలు అతని ఫోనులోనే ఉన్నాయి.

సొమ్ము చేతికొచ్చాక కూడా

అంగడి కంపెనీల కమీషన్ ఎందుకని నేరుగా ఫోను నంబరు ఇచ్చి అమ్మేవారు కొందరు. వారికి వేరే గండాలున్నాయి. సైన్యంలో ఉద్యోగినని చెప్పి, డబ్బు పంపుతున్నానంటూ క్యూఆర్ కోడ్ పంపేవాడు ఒకడు. డబ్బు రావడానికి కోడ్ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు. పిన్ కొట్టామంటే మన ఖాతా నుంచి పోతున్నదనే అర్థం. వ్యక్తుల మధ్య డబ్బు అడుగుతూ పంపే అభ్యర్థనలను 2025 అక్టోబర్ 1 నుంచి నిలిపివేశారు. అయినా కోడ్ మోసాలకు తెరపడిందని అనుకోరాదు. చెల్లించినట్టు దొంగ బొమ్మ చూపి సరుకు పట్టుకుపోయేవాడు మరొకడు. బ్యాంకు ఖాతాలో డబ్బు కనిపించేదాకా సరుకు కదపరాదు.

అన్నిటికన్నా క్రూరమైనది ఇంకొకటి ఉంది. సైబర్ దొంగ ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బుతో బంగారం, ఖరీదైన వస్తువులు కొంటాడు. బాధితుడు 1930 నంబరుకు ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు ఎటెటు వెళ్ళిందో వెతుక్కుంటూ వచ్చి, అమ్మినవాడి బ్యాంకు ఖాతాను స్తంభింపజేస్తారు. నిజాయితీగా సరుకు ఇచ్చి ధర తీసుకున్నవాడు పిల్లల ఫీజు కట్టలేని స్థితిలో పడతాడు. 2023లో కేరళలో చాలామంది చిన్న వర్తకులకు ఇదే జరిగింది. అప్పుడు అక్కడి హైకోర్టు, ఖాతా మొత్తాన్ని కాక పోలీసులు పేర్కొన్న వివాదాస్పద మొత్తం మేరకే ఆపాలని బ్యాంకులకు చెప్పింది. ఇలాంటప్పుడు అమ్మేవాడిని కాపాడేవి బిల్లు, సరుకు అందిన రసీదు, కొన్నవాడితో జరిపిన సంభాషణ. వాటితో పోలీసులను, అవసరమైతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఏం చేయాలి?

తెలిసినవారిని అడిగి, ఈ అనుభవం నుంచి మేము నేర్చుకున్న జాగ్రత్తలు ఇవి.

ఒకటి: కొన్న ప్రతి సరుకుకు తేదీ, బరువు, వివరాలతో బిల్లు తీసుకోవాలి. నోటి మాట మీద టోకు సరుకు తేరాదు.

రెండు: వెండి, బంగారానికి హెచ్‌యూఐడీ వేయించాలి. వెండికి ఐచ్ఛికమే అయినా ఆ చిన్న ఖర్చు మిగతా సొమ్మును కాపాడుతుంది. సంఖ్య లేని వస్తువులకు కంటికి కనబడని మూల ఒక గుర్తు పెట్టుకుని, ఫోటో తీసి ఉంచుకోవాలి.

మూడు: పెట్టెలో సరుకు పెట్టడం మొదలు, తూకం కాటా మీద బరువు చూపి, చీటీ అంటించేదాకా ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. వాపసు వచ్చిన పెట్టెను విప్పేటప్పుడు కూడా అలాగే తీయాలి. చీటీ మీది నంబరు అందులో స్పష్టంగా కనపడాలి. ఆ వీడియోను ఎడిట్ చేయకుండా, అసలు ప్రతిని తీసిన ఫోనులోనే భద్రపరచాలి. రేపు న్యాయస్థానంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా చూపాలన్నా దానికి ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది.

నాలుగు: వాపసు వచ్చిన పెట్టె బరువు, కొరియర్ చీటీ మీది బరువు పోల్చి చూడాలి. తేడా ఉంటే తీసుకునేటప్పుడే రాయించాలి. అంగడి వారు ఫిర్యాదుకు పెట్టిన గడువు దాటనివ్వరాదు. మా శిష్యుడు భయంతో నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా గడిపాడు.

ఐదు: అంగడి కంపెనీతో చేసుకునే ఒప్పందాన్ని చదవకుండా ఒప్పుకోరాదు. వివాదం వస్తే ఏ ఊరి న్యాయస్థానానికి వెళ్ళాలో, డబ్బు ఎన్నాళ్ళు ఆపవచ్చో అందులోనే ఉంటుంది. కొరియర్ షరతులు కూడా చూడాలి. చాలా కొరియర్ల షరతుల్లో నగలకు, విలువైన లోహాలకు నష్టపరిహారం ఉండదు.

ఆరు: సరుకు మార్చి పంపడం ఊరికే వాపసు వివాదం కాదు, అది మోసం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వచ్చే నేరం. రుజువులు పట్టుకుని పోలీసుల వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడనక్కరలేదు. నకిలీ అని ఊరికే బెదిరించే బ్రాండు వారిపై దావా వేసే హక్కును 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 142వ సెక్షన్ ఇస్తోంది.

ఏడు: ఉన్నదంతా ఒకే అంగడిలో, ఒకే ఖాతాలో పెట్టరాదు. ఇంటి ఖర్చుల ఖాతా వేరు, వ్యాపారపు ఖాతా వేరు ఉండాలి. అప్పు తెచ్చి ఖరీదైన సరుకు నింపడం కన్నా, అమ్మకం చూసుకుని కొద్దికొద్దిగా పెంచుకోవడం మేలు.

పాఠకులు ఆ అబ్బాయి సంగతి ఏమైందని అడుగుతారు. మూడు వారాల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత, కరీంనగర్ బిల్లు, తూకం చీటీ చూసి అంగడి వారు అతని ఖాతాను తెరిచారు. ఆగిన డబ్బు వచ్చింది. అత్తరుదాని మాత్రం రాలేదు, దాని డబ్బూ రాలేదు. పోలీసు ఫిర్యాదు నడుస్తోంది. గాజులు కొన్న తొమ్మిది మందిలో ఇద్దరు మళ్ళీ అతని దగ్గరే అసలు లక్క గాజులు తెప్పించుకున్నారు.

మొన్న వాళ్ళింటికి వెళితే ముందు గదిలో కాటా ఉంది, దాని ఎదుట ఫోను నిలబెట్టే కర్ర ఉంది. కొడుకు పెట్టె కడుతుంటే తండ్రి పక్కన నిలబడి బరువు పైకి చదువుతున్నాడు. బాయిలోకి దిగేముందు దీపం, టోపీ సరిచూసుకోవడం ఆయనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. "మౌల్వీ సాబ్, లోపలికి దిగేటోడు ముందు లైటు చూసుకోవాలె. మావోడు చూసుకోకుండ దిగిండు" అన్నాడాయన. మాకు ఇంతకన్నా చెప్పవలసింది కనిపించలేదు.